పంపితే చాలదు, అందాలి

రెండేళ్ళ కిందట మన సంఘం ఉగాది సభలో పచ్చడి పంచడం పూర్తయి, జనమంతా భోజనాల వైపు కదులుతున్నారు. వెనకనుంచి ఎవరో భుజం మీద చెయ్యి వేశారు. తిరిగి చూస్తే లెక్కల సారు. హిందూపురం ప్రాంతంలో ముప్ఫై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పి, రిటైరయ్యాక కొడుకు దగ్గర ఉండడానికి బెంగుళూరు వచ్చిన పెద్దమనిషి.

"ఈసారి మావాడు పద్యం పాడలేదేమని అడిగితే, పోయి నెలన్నర అయిందంటున్నారు. నాకెవరూ చెప్పలేదే నాయనా?" అన్నారు.

ఏటా ఉగాదికి మన వేదిక మీద పద్యాలు పాడే పెద్దాయన గురించి ఆయన అడుగుతున్నది. ఇద్దరూ ఒకే ఊరివాళ్ళు, ఒకే బడిలో చదువుకున్నవాళ్ళు. వయసు మీద పడ్డాక ఒకరు మల్లేశ్వరంలో, ఒకరు బనశంకరిలో. కలుసుకునేది ఏడాదికి రెండు మూడుసార్లే, అదీ మన సభల్లో.

"ఆ రోజు పొద్దున్నే సభ్యులందరికీ ఈ-మెయిలు పంపాను సార్" అన్నాను. అబద్ధం కాదు. కానీ ఆయన మొహం చూశాక, ఆ మాట అనకుండా ఉంటే బాగుండేదనిపించింది.

మన సంఘం ఈ-మెయిళ్ళు, వాట్సప్ గ్రూపులు, సభ్యుల చిరునామాలు చూసుకునేది నేనే. జీతం లేని ఉద్యోగం, సరదా కొద్దీ నెత్తికెత్తుకున్నది. ఆ రాత్రి ఇంటికి వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాను. పంపిన ఉత్తరాల్లో ఆ కబురు ఉంది. సారు చిరునామాలో తప్పు లేదు. మరి ఎక్కడికి పోయింది? అప్పుడు గుర్తొచ్చింది, నేనే ఒకప్పుడు పెట్టిన ఒక ఫిల్టరు. చేరక తిరిగి వచ్చే ఉత్తరాల నోటీసులు రోజూ కళ్ళ ముందు పడి విసిగిస్తున్నాయని, అవి వచ్చీ రాగానే ఒక మూల ఫోల్డరులోకి పోయేట్టు ఏర్పాటు చేశాను. ఆ ఫోల్డరు తెరిచి ఎన్నాళ్ళయిందో నాకే తెలియదు. తెరిస్తే, ఆ ఒక్క కబురుకే ముప్ఫై ఏడు నోటీసులు. అందులో ఒకటి సారుది. ఆయన పెట్టె నిండిపోయింది, ఇక ఒక్క ఉత్తరం కూడా పట్టదు అని అందులో స్పష్టంగా రాసి ఉంది.

మరుసటి ఆదివారం బనశంకరి వెళ్ళి సారుకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కోప్పడలేదు. క్లాసులో లాగా ప్రశ్న వేశారు.

"మీ బ్యాంకులో చెక్కు తిరిగొస్తే ఏం చేస్తారు నాయనా?"

"కారణం రాసి, మెమో జతచేసి, వేసినవాళ్ళకి పంపుతాం సార్."

"ఆ మెమో వాళ్ళు చదవకుండా సొరుగులో పడేస్తే?"

నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న నా చేత చేయించిన పనుల గురించే ఈ వ్యాసం. ఇంట్లోనో, అపార్టుమెంటులోనో, బంధువుల గ్రూపులోనో నాలాగే ఈ బాధ్యత మోస్తున్నవాళ్ళు మన సభ్యుల్లో చాలామంది ఉన్నారు కనుక, నా తప్పు వాళ్ళకైనా ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

నల్ల తెర నాటి సంగతి

నేను కంప్యూటరు చదువు చదివినవాణ్ణి కాను. బి.కాం. పూర్తి చేసి బ్యాంకులో చేరాను. లెడ్జర్లు పోయి కంప్యూటర్లు వస్తున్న కాలంలో, "కుర్రవాడివి, నేర్చుకో" అని మేనేజరుగారు ఆ పని నాకు అప్పగించారు. అలా మొదలైంది ఈ పిచ్చి.

మన దేశంలో మామూలు ప్రజలకు ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చింది 1995 ఆగస్టు 15న, వి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా. మొదట నాలుగు మహానగరాలకు, తర్వాత మన ఊరికి. టెలిఫోను లైనుకు మోడెం తగిలిస్తే అది కాసేపు కీచుమని అరిచి, కలిస్తే కలిసేది, లేకపోతే లేదు. బొమ్మలు లేవు, రంగులు లేవు. నల్లటి తెర మీద అక్షరాలు, అంతే. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారు తయారుచేసిన 'పైన్' అనే ప్రోగ్రాములో ఉత్తరాలు చదువుకునేవాళ్ళం. 1996లో బ్రిగేడ్ రోడ్డులో కెఫే కాఫీ డే మొదటి దుకాణం తెరిచినప్పుడు అక్కడ కాఫీతో పాటు ఇంటర్నెట్ కూడా అమ్మేవారు. అదే ఏడాది జులై 4న హాట్‌మెయిల్ వచ్చింది. దాన్ని స్థాపించిన ఇద్దరిలో ఒకరైన సబీర్ భాటియా మన బెంగుళూరులో చదువుకున్నవాడే అని మేం గొప్పగా చెప్పుకునేవాళ్ళం.

అప్పట్లో ఉత్తరం పంపితే అవతలివారికి ఫోను చేసి "అందిందా?" అని అడిగేవాళ్ళం. యంత్రం మీద నమ్మకం లేక. నమ్మకం కుదిరాక ఆ అడగడం మానేశాం. నేను చేసిన మొదటి తప్పు అదేనేమో.

అక్షరాలు చేరాలంటే

ఉత్తరం చేరినా అందులోని తెలుగు చేరని రోజులు కూడా ఉండేవి. ఈ-మెయిలు ప్రయాణానికి 1982లో రాసిన నియమాలు ఇంగ్లీషుకు సరిపోయే 128 గుర్తులను దృష్టిలో పెట్టుకున్నవి. మన అక్షరాలకు అందులో చోటు లేదు. అందుకని 1990ల మొదట్లో అమెరికాలోని తెలుగు విద్యార్థులు ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసే పద్ధతి ఒకటి ఏర్పరిచారు. టెక్సాస్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ వంటివారు తయారుచేసినందువల్ల దానికి ఆర్.టి.ఎస్. అని పేరు. చిన్న 'టి' కొడితే త, పెద్ద 'టి' కొడితే ట. చిన్న 'ఎన్' న, పెద్ద 'ఎన్' ణ. ఆ పద్ధతిలోనే వాళ్ళు సాహిత్యం చర్చించుకున్నారు, పద్యాలు రాసుకున్నారు, పోట్లాడుకున్నారు. 2006లో వీవెన్ తయారుచేసిన 'లేఖిని'లో మనం తెలుగు టైపు చేసింది కూడా ఈ పద్ధతి ఆధారంగానే.

1992లో వచ్చిన 'మైమ్' అనే ఏర్పాటు ఇతర భాషల అక్షరాలను, బొమ్మలను ఉత్తరంలో కట్టి పంపే దారి చూపింది. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి ప్రతిలోనే తెలుగుకు 128 గళ్ళు కేటాయించారు. అయినా అవి మన ఇళ్ళలోని కంప్యూటర్లకు చేరడానికి పదేళ్ళ పైన పట్టింది. ఈలోగా ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు. అవతలివారి దగ్గర ఆ ఫాంటు లేకపోతే మన శుభలేఖ పిచ్చి గీతల్లా కనిపించేది.

ఇప్పటికీ ఒక చిక్కు మిగిలే ఉంది. ఇంగ్లీషు ఎస్.ఎమ్.ఎస్.కి 160 అక్షరాలు పడతాయి, తెలుగైతే 70 మాత్రమే. అందులోనూ గుణింతం గుర్తు, పొల్లు, సున్నా దేనికదే లెక్క. 'ఉగాది శుభాకాంక్షలు' మన కంటికి ఎనిమిది అక్షరాలు. యంత్రం లెక్కలో ఖాళీతో కలిపి పద్దెనిమిది. ఒక సభకు సంఘం తరపున నేను పంపిన ఆహ్వానం ఒకటి మూడు ముక్కలై, మూడు సందేశాల ఖర్చు పడింది. కోశాధికారిగారు ఇంగ్లీషులో పంపవచ్చు కదా అన్నారు. నేను తెలుగు వాక్యాన్ని రెండు సందేశాల్లో పట్టేలా కుదించాను గాని, భాష మార్చలేదు.

తిరుగు టపా చదవడం

ఇక అసలు సంగతి. మనం ఉత్తరం పంపగానే మన సర్వరు అవతలి సర్వరు తలుపు తడుతుంది. ఆ సర్వరు మూడంకెల సంఖ్యతో జవాబు చెబుతుంది. మొదటి అంకె 2 అయితే పుచ్చుకున్నట్టు. 4 అయితే ఇప్పుడు కాదు, మళ్ళీ రమ్మన్నట్టు. 5 అయితే ఇక రావద్దన్నట్టు. 4 అన్నప్పుడు మన సర్వరు నాలుగైదు రోజుల దాకా మళ్ళీ మళ్ళీ ప్రయత్నించి, చివరికి చేతులెత్తేస్తుంది. అందుకే కొన్ని నోటీసులు వారం తర్వాత వస్తాయి. అప్పటికి దినకర్మలు కూడా దగ్గరపడతాయి.

ఆ నోటీసు పంపేవాడి పేరు 'మెయిలర్ డీమన్'. పేరు చూసి, ఏదో దెయ్యం పట్టిందనుకుని మా ఆవిడ ఒకసారి కంగారుపడింది. వెనక ఉండి ఎవరికీ కనబడకుండా పనిచేసే ప్రోగ్రాములకు 1960లలో అమెరికాలో ఎం.ఐ.టి.వారు పెట్టిన పేరది. నిజానికి ఇంత నమ్మకస్థుడైన నౌకరు మరొకడు దొరకడు. వాడు చెప్పింది వినకుండా మూలకు నెట్టింది నేనే.

ఇప్పుడు నా ఫిల్టరు తిరగేశాను. డీమన్ నుంచి వచ్చిన ప్రతి ఉత్తరం అన్నిటికంటే పైన, ఎర్ర గుర్తుతో కనిపిస్తుంది. ఎక్కువగా వచ్చే పండగ ఆఫర్లు, ప్రకటనలు మూలకు పోతాయి. ఫిల్టరు పెట్టేటప్పుడు నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఇది నెలరోజులు నా కంట పడకపోతే ఎవరికి నష్టం? నష్టం నాకే అయితే దాచవచ్చు. ఇంకొకరికైతే దాచకూడదు.

నెలకొకసారి జాబితా సరిచూడడం కూడా అలవాటు చేసుకున్నాను. బ్యాంకులో మన పుస్తకం లెక్కా, అవతలి బ్యాంకు లెక్కా పక్కపక్కన పెట్టి టిక్కులు కొట్టే పనే ఇది. ఎంతమందికి పంపాం, ఎన్ని తిరిగొచ్చాయి, తిరిగొచ్చినవారికి ఫోను చేశామా. మూడో గడి ఖాళీగా ఉంటే ఆ నెల లెక్క మూయను.

సంతకం కార్డు

తిరిగి రాకుండా, అందకుండా పోయే ఉత్తరాలు మరికొన్ని. అవి స్పామ్ గదిలో పడతాయి. చాలామంది ఆ గది తలుపే తీయరు. ఒకే ఉత్తరం మూడు వందల మందికి పోతుంటే అవతలి సర్వరు అనుమానించడం సహజం. మన సంఘం పేరుతో ఎవరైనా దొంగ ఉత్తరం రాయవచ్చు కదా.

దీనికి మూడు ఏర్పాట్లున్నాయి. పేర్లు భయపెడతాయి గాని బ్యాంకుకు వెళ్ళేవారెవరికైనా తెలిసిన విషయాలే. ఎస్.పి.ఎఫ్. అంటే మన పేరున ఉత్తరాలు పంపే అధికారం ఏయే సర్వర్లకు ఉందో ప్రకటించే పట్టిక, ఖాతా మీద సంతకం చేసే అధికారం ఉన్నవారి జాబితా లాంటిది. డికిమ్ అంటే ఉత్తరానికి వేసే ముద్ర, దారిలో ఎవరైనా ఒక్క అక్షరం మార్చినా ముద్ర సరిపోదు. డిమార్క్ అంటే ఈ రెండూ సరిపోకపోతే ఏం చేయాలో మనం ముందే రాసిచ్చే ఆదేశం. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ సంస్థలు, తమ ఖాతాలకు పెద్ద ఎత్తున (గూగుల్ లెక్కలో రోజుకు ఐదువేలకు పైగా) ఉత్తరాలు పంపేవారికి ఈ మూడూ తప్పనిసరి చేశాయి. మనలాంటి చిన్నవాళ్ళకు కూడా మొదటి రెంటిలో ఒకటైనా ఉండాలన్నాయి. మన సంఘానికి సొంత చిరునామా కొన్నాక ఈ మూడూ పెట్టడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. ఒకచోట చుక్క తప్పు పెట్టి ఒక పూటంతా కుస్తీ పట్టాను. ఇల్లు అలకగానే పండగ కాదని అప్పుడు తెలిసొచ్చింది.

వాట్సప్ ఉంది కదా అంటారా?

ఉంది. సభ్యుల్లో చాలామందికి అదే సులువు. కాని అక్కడా చూసుకోవలసినవి ఉన్నాయి. బ్రాడ్‌కాస్ట్ జాబితా ద్వారా పంపిన కబురు, మన నంబరును తమ ఫోనులో రాసి పెట్టుకున్నవారికే చేరుతుంది. మిగతావారికి చేరదు. ఈ సంగతి తెలియని కార్యకర్తలు "అందరికీ పంపాం" అని నిశ్చింతగా ఉంటారు.

గ్రూపులోనేమో సుప్రభాతాలు, పూల బొమ్మల మధ్య చావు కబురు కొట్టుకుపోతుంది. అందుకే రెండు గ్రూపులు చేశాం. ఒకటి కబుర్లకు, అక్కడ ఎవరి ఇష్టం వారిది. రెండోది ప్రకటనలకు, అందులో అడ్మిన్లు మాత్రమే రాయగలరు. 2018లో వచ్చిన వెసులుబాటు ఇది. రెండో గ్రూపులో నెలకు నాలుగైదు కబుర్లకు మించి పెట్టం. అందుకే అక్కడ గంట మోగితే జనం చూస్తారు.

వాట్సప్ లేనివారు, కళ్ళు ఆననివారు, సారు లాగా కంప్యూటరు ఒక్కటే నేర్చుకున్నవారు కొందరున్నారు. వారి పేర్లతో మామూలు నోటు పుస్తకం ఒకటి పెట్టాను. ఒక్కొక్కరి పేరు పక్కన అదే పేటలో ఉండే ఒక సభ్యుడి పేరు. జయనగరంవారికి జయనగరంవారు, మారతహళ్ళివారికి మారతహళ్ళివారు. ముఖ్యమైన కబురైతే ఫోను చేసి చెప్పాలి, చెప్పాక నాకు చెప్పాలి. ఇన్నేళ్ళ నా సరదాలో బాగా పనిచేస్తున్న ఏర్పాటు ఏదంటే ఈ పుస్తకమే.

రెండు తాళంచెవులు

బ్యాంకు స్ట్రాంగ్ రూముకు రెండు తాళాలు, ఇద్దరు అధికారుల దగ్గర చెరొక తాళంచెవి. ఒకరి వల్ల తెరుచుకోదు. ముప్ఫై ఏళ్ళు ఆ నియమం పాటించిన నేను, సంఘం పాస్‌వర్డులన్నీ నా బుర్రలో ఒక్కదానిలోనే పెట్టుకు తిరిగాను. నాకేమైనా అయితే మూడు వందల కుటుంబాల జాబితాకు దారి మూసుకుపోయేది. ఇప్పుడు ప్రతి గ్రూపుకూ ఇద్దరు అడ్మిన్లు. పాస్‌వర్డులు సీలు చేసిన కవరులో కార్యదర్శిగారి బీరువాలో ఉన్నాయి. పాస్‌వర్డు మారిస్తే కవరూ మారుతుంది.

నకళ్ళు కూడా అంతే ముఖ్యం. ఊరికే వచ్చిన ఇల్లు ఎప్పుడు ఖాళీ చేయమంటారో తెలియదు. తెలుగు సాహిత్య చర్చలకు పేరుపడ్డ 'రచ్చబండ' వంటి ఎన్నో బృందాలు ఒకప్పుడు యాహూ గ్రూప్స్‌లో నడిచాయి. ఆ సేవ 2020 డిసెంబరు 15న పూర్తిగా మూతపడింది. ఆర్కుట్ అంతకు ముందే, 2014 సెప్టెంబరు 30న వెళ్ళిపోయింది. ముందే నకలు తీసుకున్నవారికి మిగిలాయి, తీసుకోనివారికి జ్ఞాపకం మిగిలింది. అందుకని మూడు నెలలకొకసారి, ఈ పత్రిక సంచిక వచ్చిన వారంలో, సంఘం ఉత్తరాలన్నీ ఒక ఫైలుగా దింపి రెండు పెన్‌డ్రైవుల్లో పెడుతున్నాను. ఒకటి నా దగ్గర, ఒకటి కార్యదర్శిగారి దగ్గర.

చివరిగా

సారు పెట్టె ఖాళీ చేయడానికి మరో ఆదివారం బనశంకరి వెళ్ళాను. ఫోనులో తీసిన ఫోటోలన్నీ వాటంతట అవే ఆ ఖాతాలో చేరి పెట్టె నిండిపోయింది. మనవడు నడక నేర్చిన వీడియోలు, ఊళ్ళో పాత ఇంటి బొమ్మలు. దేన్నీ తీసేయడానికి ఆయన ఒప్పుకోలేదు. అన్నీ పెన్‌డ్రైవులోకి ఎక్కించి, తెరిచి చూపించి, నమ్మకం కుదిరాకే ఖాతాలోంచి తీసేశాను. మధ్యాహ్నం దాటింది.

"ఈ మధ్య నాకెవరూ రాయడం లేదనుకున్నా నాయనా. వయసైపోయింది, మర్చిపోయారులే అనుకున్నా" అన్నారు. ఐదు నెలలుగా ఆయనకు ఒక్క ఉత్తరం కూడా చేరలేదు. రాసినవారేమో, సారు జవాబివ్వడం మానేశారని అనుకుని ఉంటారు.

నేను లేవబోతుంటే ఆపారు. "ఆ కబురు నాకు మళ్ళీ పంపు. ఆ రోజు అందరికీ ఏం రాశావో అదే. ఒక్క ముక్క మార్చొద్దు."

అక్కడే కూర్చుని నా ఫోనులోంచి పంపాను. ఆయన కంప్యూటరులో ఉత్తరం వచ్చి పడింది. కళ్ళద్దాలు సర్దుకుని, పైనుంచి కిందదాకా నిదానంగా చదివారు. స్నేహితుడి పేరు, ఊరు, వయసు, అంత్యక్రియల వేళ. తర్వాత ఒక్కొక్క మీటా వెతుక్కుంటూ జవాబు టైపు చేశారు. నా ఫోను మోగింది. ఒకటే మాట ఉంది అందులో.

"అందింది."

సభ్యులకు నా మనవి కూడా అదే. చిరునామా మారినా, నంబరు మారినా, పెట్టె నిండినా దయచేసి తెలియజేయండి. సంఘం నుంచి ఈ నెల వచ్చే ఉత్తరానికి ఒక్క మాట జవాబు రాయండి. రాయనివారికి నోటు పుస్తకం చూసి ఎవరో ఒకరం ఫోను చేస్తాం. విసుక్కోకండి.